రెంబ్రాంట్ ముఖాన్ని నకలు చేస్తూ ఆయిల్ పోర్ట్రెయిట్ నేర్చుకోవడం: మొదటి నుంచి చివరి దాకా

ఆయిల్ రంగుల్లో మనిషి ముఖం వేయడం నేర్చుకోవాలంటే, ఒక మంచి పాత చిత్రాన్ని పక్కన పెట్టుకుని దాన్ని పూర్తిగా నకలు చేయడం కంటే మంచి దారి నాకు తెలియదు. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని మొదలుపెడితే సమస్యలన్నీ ఒకేసారి మీద పడతాయి. కూర్చున్న మనిషి కదులుతాడు, వెలుతురు మారుతుంది, చర్మం రంగు ఎలా కలపాలో తెలియదు, కనిపించే వాటిలో ఏది వేయాలో ఏది వదిలేయాలో అసలే తెలియదు. నకలులో ఆ చివరి ప్రశ్నకు జవాబు ముందే ఉంటుంది. ఎక్కడ రంగు మందంగా పెట్టాలి, ఎక్కడ పల్చగా రుద్దాలి, ఏ అంచును పదునుగా ఉంచాలి, దేన్ని చీకట్లో కలిపేయాలి అన్న నిర్ణయాలన్నీ ఒక గొప్ప చిత్రకారుడు తీసుకుని పెట్టాడు. అవే నిర్ణయాలను మన చేత్తో, అదే వరసలో మళ్లీ తీసుకోవాలి. పోలిక కుదిరితే సంతోషమే. కానీ మీ చేతికి మిగిలేది ఆ వరస.

ఇక్కడ నేను తీసుకున్న చిత్రం పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1659లో వేసుకున్న స్వీయచిత్రం. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. కాన్వాస్ మీద ఆయిల్, ఎత్తు 84.5 సెంటీమీటర్లు, వెడల్పు 66. అప్పటికి ఆయన వయసు 53. మూడేళ్ల ముందు, 1656లో, అప్పులు తీర్చలేక దివాలా తీశాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న పెద్ద ఇల్లు, ఏళ్ల తరబడి కూడబెట్టిన కళాఖండాలు అన్నీ వేలానికి పోయాయి. చిత్రంలో ముదురు రంగు టోపీ, ముదురు దుస్తులు, ఒడిలో ఒకదానిమీద ఒకటి వేసుకున్న చేతులు. వెలుగంతా తల మీద ఉంటుంది. కొంత ఎడమ భుజాన్ని తాకుతుంది, ఇంకాస్త తక్కువగా చేతుల మీద పడుతుంది. మిగతాదంతా గోధుమరంగు చీకటి.

ఎందుకు ఈ చిత్రమే

నేర్చుకునేవాళ్లు సాధారణంగా నునుపైన యువతి ముఖాన్ని ఎంచుకుంటారు. అది చాలా కష్టమైన ఎంపిక. నునుపు ముఖంలో వెలుగు నుంచి నీడకు వెళ్లే మార్పు అంత సూక్ష్మంగా ఉంటుంది కాబట్టి, కొంచెం తేడా వచ్చినా ముఖం ఉబ్బినట్టో బొమ్మలాగో అయిపోతుంది. ఎక్కడ తప్పిందో కూడా పట్టుకోలేరు. వయసు మీద పడిన ముఖంలో గుర్తులు బోలెడు. నుదుటి ముడతలు, కళ్ల కింద సంచులు, ముక్కు పక్కనుంచి నోటి చివరికి దిగే గీత, సడలిన దవడ. ప్రతి గుర్తూ కొలత తీసుకోవడానికి ఒక ఆధారం.

రెండో కారణం రంగులు. ఇందులో ముఖమంతా తెలుపు, పసుపుమట్టి, ఎర్రమట్టి, గోధుమ, నలుపులతోనే దాదాపు వచ్చేస్తుంది. నీలం ట్యూబ్ మూత తీయాల్సిన పనే లేదు. మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం: ఈ చిత్రంలో రంగు ఎలా పెట్టాడో కంటికి కనిపిస్తుంది. అదే కాలపు మరో డచ్ చిత్రకారుడు వెర్మీర్ లాంటి వాళ్ల పనిలో బ్రష్ జాడ దొరకదు, కాబట్టి మొదటిసారి నకలు చేసేవాళ్లకు పట్టు చిక్కదు. రెంబ్రాంట్ ముసలితనంలో వేసిన ముఖాల్లో ప్రతి బ్రష్ దెబ్బా విడిగా చదవొచ్చు.

నకలు చేయడం చిన్నతనమని ఎవరైనా అంటే రెంబ్రాంట్ జీవితాన్నే చూపించండి. 1639లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ వేసిన కాస్టిలియోనె అనే రచయిత పోర్ట్రెయిట్ వేలానికి వచ్చినప్పుడు, ఆయన దాన్ని చూసి గబగబా స్కెచ్ గీసుకున్నాడు. అది ఎంతకు పోయిందో, 3,500 గిల్డర్లని, ఆ కాగితం మీదే రాసుకున్నాడు. ఆ స్కెచ్ ఇప్పుడు వియన్నాలోని అల్బర్టీనా మ్యూజియంలో ఉంది. మనం నకలు చేయబోయే 1659 చిత్రంలో కూర్చున్న తీరుకు కూడా ఆ కాస్టిలియోనె చిత్రమే మూలమని కళాచరిత్రకారులు చెబుతారు. 1650ల చివర్లో మొఘల్ సూక్ష్మచిత్రాలను చూసి ఆయన గీసిన బొమ్మలు ఇరవైకి పైగా మిగిలాయి.

ఆయన శిష్యులూ ఆయన స్వీయచిత్రాలనే నకలు చేస్తూ నేర్చుకున్నారు. ఎంత బాగా చేశారంటే, హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్‌లో ఉన్న కంఠకవచం తొడిగిన యువ రెంబ్రాంట్ చిత్రాన్ని చాలాకాలం అసలుదనే నమ్మారు. 1990లలో ఇన్‌ఫ్రారెడ్ పరీక్ష చేస్తే రంగుల కింద జాగ్రత్తగా గీసుకున్న గీతలు బయటపడ్డాయి. అలా గీసుకుని వేయడం రెంబ్రాంట్ అలవాటు కాదు. జర్మనీలో న్యూరెంబర్గ్ మ్యూజియంలో ఉన్నదే అసలుదని అప్పుడు తేలింది. మౌరిట్స్‌హౌస్‌ది నేర్చుకుంటున్న చెయ్యి వేసిన నకలు.

బొమ్మను సంపాదించుకోవడం

నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ తన దగ్గరున్న పాత చిత్రాల పెద్ద ఫైళ్లను ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోనిస్తుంది. కాపీరైట్ ఇబ్బంది లేదు. గూగుల్‌లో దొరికే చిన్న బొమ్మలతో పని మొదలుపెట్టొద్దు. వాటిలో రంగులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, నీడల్లోని వివరమంతా నల్లగా మూసుకుపోతుంది.

మొదటి నకలుకు చిత్రం మొత్తం వేయకండి. టోపీ పైభాగం నుంచి మెడ కింద దాకా, రెండు వైపులా కొంత నేపథ్యంతో, తలవరకు క్రాప్ చేయండి. 12 అంగుళాలు, 16 అంగుళాల కాన్వాస్ సరిపోతుంది. అదే నిష్పత్తిలో క్రాప్ చేసి, కాన్వాస్ ఎంత ఉందో అంతే సైజులో ఫొటో స్టూడియోలో మ్యాట్ పేపర్ మీద ప్రింట్ వేయించండి. గ్లాసీ పేపరయితే మెరుపు అడ్డొస్తుంది. ఇంకో ప్రింట్ బ్లాక్ అండ్ వైట్‌లో తీయించండి. దాని అవసరం పనిలో పదే పదే వస్తుంది. బ్రష్ జాడలు చూడటానికి మాత్రం ట్యాబ్‌లోనో లాప్‌టాప్‌లోనో పెద్ద ఫైల్‌ను జూమ్ చేసి చూడండి. స్క్రీన్ వెలుతురు బాగా తగ్గించుకోవాలి. లేకపోతే మీ కాన్వాస్ మీది రంగులు ఎప్పుడూ మురికిగానే కనిపించి నిరుత్సాహం వస్తుంది.

ఒక మంచి ఫొటో కూడా రంగు మందాన్ని చూపించలేదు. అందుకే నిజమైన ఆయిల్ చిత్రాలను దగ్గరగా చూసి రండి. హైదరాబాద్‌లో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంలోని యూరోపియన్ చిత్రాల గది, రాజమండ్రి వైపు ఉంటే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ. ఎదురుగా నిలబడి చూశాక, పక్కకు జరిగి వాలుగా చూడండి. ఎత్తుగా ఉన్న రంగు, పల్చని రంగు అప్పుడు విడివిడిగా తెలుస్తాయి.

సామాన్లు

రంగులు: టైటానియం వైట్, యెల్లో ఓకర్ (పసుపుమట్టి), బర్ంట్ సియెన్నా (ఎర్రమట్టి), రా అంబర్, బర్ంట్ అంబర్ (రెండూ గోధుమ), ఐవరీ బ్లాక్, ఒక వెచ్చని, అంటే నారింజ వైపు మొగ్గే, ఎరుపు (క్యాడ్మియం రెడ్ గానీ వెర్మిలియన్ హ్యూ గానీ), ఒక క్రిమ్సన్. అంతే. వైట్, ఓకర్ రెండూ ఆర్టిస్ట్ గ్రేడ్‌లో కొనండి. మట్టి రంగులు స్టూడెంట్ గ్రేడ్ అయినా నడుస్తాయి. రెంబ్రాంట్ వాడిన తెలుపు సీసంతో చేసినది, విషం. మనకు దాని అవసరం లేదు. అయితే టైటానియం వైట్ స్వభావం వేరని గుర్తుంచుకోండి. అది చాలా బలమైనది, చల్లనిది, అంటే నీలం వైపు మొగ్గేది. కొంచెం ఎక్కువైనా ముఖం సున్నం కొట్టినట్టు అవుతుంది. అందుకే ఈ నకలులో ఎక్కడా ఒట్టి తెలుపు పెట్టం. అత్యంత ప్రకాశవంతమైన చోట కూడా ఓకర్ కలిసే ఉండాలి.

బ్రష్‌లలో పంది వెంట్రుకలతో చేసిన గట్టి ఫిల్బర్ట్‌లు (కొస గుండ్రంగా ఉండే చదును బ్రష్‌లు) మూడు సైజుల్లో తీసుకోండి. మెత్తని సింథటిక్ రౌండ్ ఒకటి, పాలెట్ నైఫ్ ఒకటి, పాత కాటన్ గుడ్డలు. మెత్తని బ్రష్‌లు ఎక్కువ కొనకండి, చేతిలో ఉంటే అదేపనిగా నునుపు చేయాలనిపిస్తుంది. వీటితోపాటు లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె. పెయింట్ షాపులో దొరికేది కాకుండా ఆర్ట్ షాపులోనిదే తీసుకోండి. పల్చన చేయడానికి, కడగడానికి టర్పెంటైన్ గానీ వాసన తక్కువుండే మినరల్ స్పిరిట్ గానీ. కిటికీలు తెరిచి పని చేయాలి.

ఒక హెచ్చరిక ముందే చెబుతాను. లిన్సీడ్ ఆయిల్ తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుడుతుంది. ఉండగా ఉంటే వేడి లోపలే పేరుకుని దానంతటదే అంటుకోవచ్చు. గుడ్డలను విడదీసి బయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న డబ్బాలో వేయండి.

కాన్వాస్‌కు రంగు నేల

షాపులో దొరికే తెల్ల కాన్వాస్ మీద నేరుగా మొదలుపెడితే ప్రతి రంగూ ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది, అంచనాలన్నీ తప్పుతాయి. రెంబ్రాంట్ తెల్ల నేల మీద వేయలేదు. 1642లో వేసిన తన ప్రసిద్ధ చిత్రం నైట్ వాచ్ మొదలుకుని తర్వాతి చిత్రాల్లో చాలావాటికి ఇసుక, బంకమట్టి నూనెలో నూరి చేసిన గోధుమరంగు పూత వాడాడు. ఆ గోధుమరంగునే చాలాచోట్ల పైకి కనిపించేలా వదిలేశాడు.

మనం రా అంబర్‌లో కొంచెం బర్ంట్ సియెన్నా, టర్పెంటైన్ కలిపి కాన్వాస్ అంతా పల్చగా రుద్ది, గుడ్డతో తుడిచేస్తే చాలు. వెలుగుకూ నీడకూ మధ్యలో ఉండే గోధుమరంగు రావాలి. చేత్తో తాకితే అంటనంతగా ఆరే దాకా ఆగండి. అంబర్ త్వరగా ఆరే రంగు, ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. కోస్తాలో వానాకాలం అయితే ఇంకొంచెం పడుతుంది.

బొగ్గుతో చూడటం నేర్చుకోవడం

రంగు ముట్టుకోకముందు ఒకపూట కాగితం మీద బొగ్గుతో పని చేయండి. బ్లాక్ అండ్ వైట్ ప్రింట్‌ను ఎదురుగా పెట్టుకుని, వివరాలు మాయమయ్యే దాకా కళ్లు సగం మూసి చూడండి. ముఖం రెండు ఆకారాలుగా విడిపోతుంది. ఒకటి వెలుగు, ఒకటి నీడ. కనుగుంటల నీడ, ముక్కు పక్క నీడ, చెంప మీది నీడ, మెడ కింది చీకటి, దుస్తుల చీకటి ఎక్కడెక్కడ ఒకదానితో ఒకటి కలిసిపోయాయో చూడండి. ఆ నీడ ఆకారాన్ని ఒకే ముక్కగా, కళ్లూ ముక్కూ విడిగా గీయకుండా, కాగితం మీద నింపండి.

ఇక్కడే పోలిక సగం వచ్చేస్తుంది. పరిచయం ఉన్న మనిషిని వీధి చివరి నుంచి కళ్లూ ముక్కూ కనిపించకపోయినా గుర్తుపడతాం కదా, ఆ దూరంలో మనకు అందేది ఈ పెద్ద వెలుగునీడల ఆకారమే.

కాన్వాస్ మీదికి ఎక్కించడం

గళ్లు గీసి ఎక్కించడం తప్పేమీ కాదు. కానీ చిన్న చిన్న గళ్లతో కాన్వాస్ నింపేస్తే కన్ను పని మానేస్తుంది. నిలువుగా ఒక మధ్య గీత, అడ్డంగా కళ్ల దగ్గర ఒకటి, ముక్కు కింద ఒకటి, ఇవి చాలు. ప్రింట్ కాన్వాస్ సైజులోనే ఉంది కాబట్టి రెండింటినీ పక్కపక్కన ఒకే ఎత్తులో నిలబెట్టి, స్కేలు అడ్డంగా పట్టుకుని ఎత్తులు సరిచూసుకోవచ్చు.

పల్చని బర్ంట్ అంబర్‌తో, బ్రష్‌తోనే గీయండి. ముందు టోపీ, ముఖం, జుట్టు అన్నీ కలిపి బయటి ఆకారం. తర్వాత కళ్ల గీత ఎంత వాలి ఉందో చూడండి. తల కొంచెమైనా తిరిగి ఉంటే ముక్కు ముఖం మధ్యలో ఉండదు, అటు చెంప ఇటు చెంప ఒకే వెడల్పు ఉండవు. మొదటిసారి వేసేవాళ్లు తెలియకుండానే ముఖాన్ని సమంగా, నిటారుగా చేసేస్తారు. దానికి మందు, ప్రింట్‌నూ కాన్వాస్‌నూ రెండింటినీ తలకిందులు చేసి చూడటం. తలకిందులుగా ఉన్నప్పుడు అది ముఖమని మెదడు మర్చిపోతుంది, ఆకారాల్లో తేడాలు వెంటనే తగులుతాయి. ఈ దశలో ఎంత టైమ్ పెట్టినా నష్టం లేదు. రంగు పడ్డాక కన్నును అర సెంటీమీటరు జరపాలంటే ముఖమంతా తిరగవేయాలి.

గోధుమరంగు అండర్‌పెయింటింగ్

అండర్‌పెయింటింగ్ అంటే అసలు రంగుల కింద వేసుకునే మొదటి పొర. బర్ంట్ అంబర్‌లో కొంచెం ఐవరీ బ్లాక్ వేసి, టర్పెంటైన్‌తో పల్చన చేసి, నీడ ఆకారమంతా నింపండి. నూనె కలపొద్దు. వెలుగు ఉండాల్సిన చోట గుడ్డ చుట్టిన వేలితో తుడిచేయండి, కింది నేల రంగు బయటపడుతుంది. నుదురు, ముక్కు దూలం, చెంప ఎముక, కింది పెదవి కింద మెరుపు, అన్నీ ఇలా తుడిచే తెచ్చుకోవచ్చు. తెలుపు అక్కర్లేదు.

ఈ దశ అయిపోయేసరికి కాన్వాస్ మీద ఒక గోధుమరంగు ఫొటోలాంటి ముఖం ఉండాలి. అయిదడుగుల దూరం నుంచి చూస్తే ఆయనే అనిపించాలి. అనిపించకపోతే ముందుకు వెళ్లకండి. అంబర్ తడిగా ఉన్నంతసేపూ మార్చుకోవడం తేలిక. బాగున్న నీడలను ఇక కదిలించకుండా అలాగే చివరి దాకా ఉంచేయాలి. రెంబ్రాంట్ నీడల్లో ఆ లోతు రావడానికి అవి పల్చగా ఉండటమే కారణం. కింది గోధుమరంగు లోంచి తొంగిచూస్తుంది. నీడల్లో తెలుపు కలిసిన మందపాటి రంగు పెట్టారంటే ఆ లోతు పోయి మట్టి పూసినట్టు అవుతుంది. రెండు మూడు రోజులు ఆరనివ్వండి.

చర్మం రంగులు కలపడం

బ్రష్ పట్టుకునే ముందు పాలెట్ మీద కుప్పలు సిద్ధం చేసుకోండి. పని మధ్యలో ఒక్కో దెబ్బకూ ఒక్కో రంగు కలుపుకుంటూ కూర్చుంటే ముఖంలో ఒక చోటుకీ ఇంకో చోటుకీ పొంతన ఉండదు.

వెలుగు రంగుకు తెలుపు నాలుగు వంతులు, ఓకర్ ఒక వంతు, ఎరుపు పిసరంత. దానికంటే ఒక మెట్టు కిందకు, అదే రంగులో ఓకర్ పెంచి బర్ంట్ సియెన్నా కొంచెం చేర్చండి. ముక్కు, చెంపలు, చెవి దగ్గరకు ఎరుపు, సియెన్నా ఎక్కువున్న ఒక కుప్ప కావాలి. నీడ రంగుకు బర్ంట్ అంబర్, సియెన్నా, ఒక చుక్క క్రిమ్సన్, ఇందులో తెలుపు లేదు.

మిగిలింది ఒకటి, అదే అసలు కీలకం. వెలుగు నీడగా మారేచోట, కణతల దగ్గర, దవడ మీద, కళ్ల కింద, చర్మం కొంచెం నీలంగా, బూడిదగా కనిపిస్తుంది. దీనికి తెలుపు, ఐవరీ బ్లాక్, కొంచెం ఓకర్ కలిపిన బూడిద రంగు చాలు. ఎరుపూ గోధుమా చుట్టూ ఉన్నప్పుడు ఆ బూడిద కంటికి నీలంలా, ఒక్కోచోట పచ్చలా అనిపిస్తుంది. పాలెట్ మీద చూస్తే ఏ అందమూ లేని రంగు. ముఖంలో సరైన చోట పడగానే చర్మానికి ప్రాణం వస్తుంది. ఈ బూడిద వేయని ముఖాలు బెల్లపు రంగులో ఒకేలా ఉండిపోతాయి. అందుకే కొత్తవాళ్లు ఎవరు అడిగినా ముందు దీన్ని కలపడమే నేర్పుతాను.

కలిపిన ప్రతి రంగునూ నైఫ్ కొనకు తీసుకుని ప్రింట్ మీద ఆ చోట పక్కన పట్టి చూడండి. ముందు ముదురా లేతా అన్నది కుదరాలి. అది కుదిరితే రంగు కొంచెం అటూఇటూ అయినా ముఖం నిలబడుతుంది.

మొదటి రంగు పొర

గట్టి ఫిల్బర్ట్ తీసుకుని, నూనె దాదాపు లేకుండా, పెద్ద భాగాలను వేయండి. నుదురు ఒక భాగం, చెంప ఒకటి, ముక్కు పక్క గోడ ఒకటి. కనురెప్పలూ వెంట్రుకలూ ఈ పూట వద్దు. ఒక రంగు పెట్టి, దాని పక్కన ఇంకోటి పెట్టి, అలా వదిలేయాలి. రెండింటినీ కలిపి రుద్దాలనిపిస్తుంది, ఆ కోరికను ఆపుకోండి. మధ్యలో మూడో రంగు కలిపి పెట్టడం సరైన పద్ధతి. రుద్దితే రెండు రంగులూ చచ్చిపోతాయి.

బ్రష్ దెబ్బ ఏ దిక్కుకు పోవాలో పెద్ద ఫైల్‌లో చూడండి. నుదుటి మీద దాని గుండ్రనాన్ని అనుసరించి వెళ్తాయి. చెంప మీద కిందికి జారతాయి. రంగు ఎంత సరిగ్గా ఉన్నా దెబ్బ దిక్కు తప్పితే ఆ భాగం చదునైపోతుంది.

నేపథ్యాన్నీ టోపీనీ కూడా ఇప్పుడే పల్చగా నింపేయండి. తెల్ల గోడ మీద వేలాడే ముఖంలా వదిలేస్తే, ముఖం ఎంత వెలుగుగా ఉండాలో తెలుసుకునే ఆధారం ఉండదు. తర్వాత వారం రోజులు ఆరనివ్వడం మంచిది.

మందపాటి వెలుగులు

ఇక్కడ కొంచెం ఆగి మాట్లాడాలి, ఎందుకంటే రెంబ్రాంట్ దగ్గర నేర్చుకోవాల్సినది ఇదే. ఆయన వెలుగు పడ్డ చర్మాన్ని మందంగా, నీడను పల్చగా వేశాడు. ఎత్తుగా ఉన్న రంగు గదిలోని నిజమైన వెలుతురును పట్టుకుని వెనక్కి కొడుతుంది. అంటే నుదురు వెలుగుతున్నట్టు రంగుతో చూపించడమే కాక, ఆ చోట నిజంగానే వెలుతురు ఆడేలా చేశాడు.

మన ట్యూబ్ రంగుల్లో నూనె ఎక్కువుంటుంది, పెట్టిన ఆకారం నిలవదు. వేయడానికి ఒక గంట ముందు తెలుపునూ ఓకర్‌నూ ఒక అట్టముక్క మీద పిండి పెట్టండి. అట్ట అదనపు నూనెను పీల్చుకుంటుంది, రంగు గట్టిపడుతుంది. పొర మీద పొర వేసేటప్పుడు కిందదానికంటే పైదానిలో నూనె తగ్గకూడదన్నది నియమం కాబట్టి, గట్టిపడిన ఆ రంగులో ఒకటి రెండు చుక్కలు మాత్రం లిన్సీడ్ కలిపి నైఫ్‌తో నూరండి. గడ్డపెరుగులా నైఫ్ మీద నిలవాలి, జారకూడదు.

బ్రష్ నిండా రంగు తీసుకుని, కాన్వాస్ మీద పెట్టి, ఎత్తేయండి. ఒక చోట ఒకే దెబ్బ. నచ్చకపోతే నైఫ్‌తో గీకి మళ్లీ పెట్టండి, పైపైన దిద్దొద్దు. నుదుటి మధ్య, కనుబొమల మధ్య ముడత పక్కన ఉబ్బిన చోటు, ముక్కు దూలం, ముక్కు కొన, వెలుగు వైపు చెంప ఎముక, ఈ కొద్దిచోట్ల మాత్రమే ఇంత మందం. అన్నిచోట్లా పెడితే దేనికీ విలువ ఉండదు. ముడతలను గీతలుగా గీయకండి. రెండు మందపాటి దెబ్బల మధ్య కింది రంగును సన్నగా వదిలేస్తే అదే ముడత అవుతుంది.

కళ్లు, ముక్కు, నోరు, జుట్టు

ఈ చిత్రంలో జనాన్ని నిలబెట్టేది ఆ చూపు. అందుకే కొత్తవాళ్లు కళ్లను పదునుగా, తెల్లగా, ప్రతి వెంట్రుకతో వేస్తారు, చూపు పోతుంది. జూమ్ చేసి చూడండి, కనుగుడ్డులో తెలుపన్నదే లేదు. అది ముదురు బూడిద, గోధుమ. పై రెప్ప కింద నీడ, నల్లగుడ్డు, పై రెప్ప గీత అన్నీ ఒకే చీకటిలో కలిసిపోయాయి. మెత్తని బ్రష్‌తో అంచులను మసకగా ఉంచి, చివర్లో ఒక్క చిన్న మెరుపు చుక్క పెట్టండి. రెండు కళ్లూ ఒకేలా ఉండకూడదు. నీడ వైపు కన్ను ఇంకా మసకగా ఉండాలి.

ముక్కు ముఖంలోకెల్లా ఎర్రనిది, మందమైనది. ముక్కుపుట నల్లటి రంధ్రం కాదు, వెచ్చని ముదురు ఎరుపు. నోటి విషయంలో పెదవుల మధ్య గీతే ముఖ్యం. అది ఒకేలా సాగదు, కొన్నిచోట్ల ముదురు, కొన్నిచోట్ల మాయం. పెదవుల బయటి అంచులను చర్మంలో కలిపేయండి.

జుట్టును ముందు ఒక బూడిద గోధుమ ముద్దగా వేయండి. వెలుగు తగిలే చోట గట్టి బ్రష్‌తో కొన్ని లేత దెబ్బలు. రంగు తడిగా ఉన్నప్పుడు బ్రష్ వెనక కొనతో గీకితే కింది రంగు బయటపడి వెంట్రుకలా కనిపిస్తుంది. ఇది రెంబ్రాంట్ 1628 ప్రాంతంలో యువకుడిగా వేసుకున్న స్వీయచిత్రంలో, ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ఉన్నదానిలో, ఉంగరాల జుట్టుకు వాడిన పద్ధతి. మన చిత్రంలో పొదుపుగా వాడండి.

టోపీ, దుస్తులు నేపథ్యంలో ఎక్కడ కలిసిపోతున్నాయో వెతకండి. అక్కడ గీత గీయాలన్న ఆలోచనే వద్దు. నలుపు ఒక్కటే వాడకుండా ఐవరీ బ్లాక్, బర్ంట్ అంబర్ కలపండి.

చివరి పూత, ఆరబెట్టడం

మందపాటి రంగు పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. తొందరపడకండి. గట్టిపడ్డాక బర్ంట్ అంబర్‌లో లిన్సీడ్ కలిపి, నుదురు, ముక్కు మీద అతి పల్చగా రుద్ది, వెంటనే గుడ్డతో తుడిచేయండి. ఎత్తు మీదిది పోతుంది, గుంటల్లో ఉన్నది మిగులుతుంది. బ్రష్ జాడలు ఒక్కసారిగా పైకి లేచినట్టు కనిపిస్తాయి. తక్కువతో ఆపాలి, లేకపోతే ముఖం పొగచూరినట్టు అవుతుంది.

ముదురు భాగాలు ఆరాక పొడిబారి తెల్లబారినట్టు కనిపిస్తే కంగారుపడొద్దు. చుక్క లిన్సీడ్ గుడ్డతో రుద్ది మిగతాది తుడిచేస్తే లోతు తిరిగొస్తుంది. వార్నిష్ వేయడానికి ఆరు నెలల నుంచి ఏడాది ఆగండి.

సరిచూసుకోవడానికి మీ పనిని ఫోన్‌తో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి, రెండో ప్రింట్ పక్కన పెట్టండి. తర్వాత రెండింటినీ అద్దంలో చూడండి. వెలుగునీడల్లో తేడా మొదటి దానిలో, ఆకారాల్లో తేడా రెండో దానిలో తెలుస్తుంది.

కాన్వాస్ వెనక రెంబ్రాంట్ 1659 స్వీయచిత్రానికి నకలు అని, మీ పేరు, తేదీ స్పష్టంగా రాయండి. ముందువైపు ఆయన సంతకాన్ని నకలు చేయకండి. పారిస్‌లోని లూవ్ర్‌లో నకలు వేసేవాళ్లను అసలు చిత్రం కొలతలోనే వేయనివ్వరు. కారణం అదే, నేర్చుకోవడానికి వేసినది రేపు ఎవరి చేతిలోనూ మోసం కాకూడదు.

తర్వాత మీ ముఖం

నకలు ఆరుతుండగానే రెండో కాన్వాస్‌కు అదే గోధుమ నేల వేసి పెట్టుకోండి. ఒక్క కిటికీ మాత్రమే తెరిచి, దాని కింది సగం దుప్పటితో మూసి, వెలుతురు పైనుంచి, ఒక పక్కనుంచి మీ ముఖం మీద పడేలా కూర్చోండి. ఎదురుగా అద్దం, వెనక ముదురు రంగు బట్ట. రోజూ ఒకే వేళకు పని చేయండి. అవే ఎనిమిది ట్యూబులు, అవే కుప్పలు, అదే వరస. మన చర్మాలకు ఓకర్, సియెన్నా పాళ్లు పెంచి, తెలుపు బాగా తగ్గించాలి. ముదురు చర్మం మీద వెలుగు మెరుపు కొంచెం చల్లగా కనిపిస్తుంది కాబట్టి, అక్కడ ఆ బూడిద కుప్ప ఇంకా ఎక్కువగా పనికొస్తుంది. నకలును అద్దం పక్కనే నిలబెట్టుకోండి. ఎక్కడ ఆగిపోయినా, ఇలాంటి చోట ఆయన ఏం చేశాడో చూసి ముందుకు వెళ్లొచ్చు.